పడవ ట్రైలర్ బ్రేకుల డైరీ: రివర్స్‌లో పట్టేస్తాయి, ముందుకెళ్తే పట్టవు

హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటాం. నాకూ మా బావమరిదికీ కలిపి 22 అడుగుల సెకండ్ హ్యాండ్ బే బోట్ ఒకటి ఉంది. గాల్వెస్టన్ బేలో రెడ్‌ఫిష్ పట్టడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదని మా ఆవిడ అభిప్రాయం. పడవ, మోటారు, ట్యాంకులో పెట్రోల్, ట్రైలర్ అన్నీ కలిపితే సుమారు 5,000 పౌండ్లు, అంటే 2,270 కిలోల దాకా తూగుతుంది. టెక్సస్‌లో ట్రైలర్ మొత్తం బరువు 4,500 పౌండ్లు దాటితే బ్రేకులు ఉండాలని చట్టం. ఉండాలి సరే, పనిచేస్తున్నాయో లేదో చూసేదెవరు? 2025 జనవరి నుంచి సొంత బళ్లకు ఏటేటా చేసే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ కూడా ఇక్కడ ఎత్తేశారు. ఇక మన ట్రైలర్ మనమే చూసుకోవాలి.

ఇబ్బందులు మూడు. ఇంటి డ్రైవ్‌వే కొంచెం ఎత్తుగా ఉంటుంది, దాని మీదికి వెనక్కి ఎక్కిస్తుంటే ట్రైలర్ చక్రాలు బిగుసుకుపోతున్నాయి, దాన్ని లాగే మా పికప్ మూలుగుతుంది తప్ప కదలదు. రెండోది, ఐ-45 హైవే మీద మెల్లగా ఆపితే బాగానే ఆగుతుంది కానీ ముందు బండి హఠాత్తుగా ఆగి గట్టిగా బ్రేక్ తొక్కితే వెనక నుంచి ట్రైలర్ తోసుకొచ్చేస్తోంది. మూడోది, ఎడమవైపు వెనక చక్రం కాలిపోతోంది, మాడు వాసన కూడా.

దగ్గర్లో ఉన్న ఒక షాపులో చూపిస్తే చక్రం కూడా ఎత్తి చూడకుండానే యాక్చువేటర్, నాలుగు క్యాలిపర్లు (చక్రం డిస్కుని ప్యాడ్లతో నొక్కి పట్టేవి), పైపులు అన్నీ మార్చాలని 1,800 డాలర్లు చెప్పారు. అన్నీ మారిస్తే ఏదో ఒకటి పనిచేస్తుందన్నది వాళ్ల లెక్క. ఏది చెడిందో తెలియకుండా అన్నీ మార్చడం నాకు ఇష్టం లేదు. అందుకే పని మేమే మొదలుపెట్టాం.

కొత్తవాళ్ల కోసం ఈ బ్రేకు సంగతి కాస్త చెబుతాను. దీన్ని సర్జ్ బ్రేక్ అంటారు. పికప్ వెనకున్న బాల్ మీద కూర్చునే కప్లర్ రెండు ముక్కలుగా ఉంటుంది, ఒకదానిలో ఒకటి జారుతుంది. పికప్ స్లో అవగానే వెనకున్న బరువంతా ముందుకు తోస్తుంది. ఆ తోపుకి లోపలి ముక్క జారి, ఒక రాడ్‌ని మాస్టర్ సిలిండర్‌లోకి నెడుతుంది, అక్కణ్నుంచి బ్రేక్ ఆయిల్ ప్రెజర్ చక్రాలకు పోతుంది. ఈ మొత్తం సరంజామానే యాక్చువేటర్ అంటారు. ఎంత గట్టిగా ఆపితే అంత తోపు, అంత బ్రేకు. బ్రేకు పట్టడానికి పికప్ నుంచి ఒక్క వైరు కూడా అక్కర్లేదు. మన ఊళ్లల్లో ట్రాక్టర్ల వెనక లాక్కెళ్లే ట్రక్కులకు చాలావాటికి బ్రేకులే ఉండవు కాబట్టి, నాకు మొదటిసారి చూసినప్పుడు ఇది భలే తెలివైన ఏర్పాటు అనిపించింది.

చిక్కంతా రివర్స్‌లోనే. వెనక్కి తోసినా కప్లర్‌కి తెలిసేది తోపే కదా, అప్పుడూ బ్రేకులు పట్టేస్తాయి. డ్రమ్ బ్రేకుల్లో వెనక్కి తిరిగినప్పుడు షూలు వదులయ్యే రకం ఉంటుంది కాబట్టి గొడవ ఉండదు. మావి డిస్క్ బ్రేకులు, వాటికి ముందు, వెనక తేడా లేదు. అందుకని వాటికి ఒక సోలెనాయిడ్ వాల్వ్ పెడతారు. గేరు రివర్స్‌లో వేయగానే రివర్స్ లైటుకి వెళ్లే 12 వోల్టుల కరెంటే నీలం వైరు ద్వారా దానికి కూడా అంది, వాల్వ్ మూసుకుంటుంది, ఆయిల్ చక్రాలకు పోదు. కరెంటు ఆగితే వాల్వ్ తెరుచుకుంటుంది. ఇంతవరకూ గుర్తుపెట్టుకోండి, కథ మొత్తం ఈ నీలం వైరు చుట్టూనే తిరుగుతుంది.

శుక్రవారం సాయంత్రం

పడవతో సహా ఊళ్లోనే ఒక చుట్టు తిప్పి తెచ్చి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో నాలుగు హబ్‌లు, అంటే చక్రాల మధ్య భాగాలు చూశాను. మూడు 115 నుంచి 125 ఫారెన్‌హీట్ మధ్య ఉన్నాయి. ఎడమ వెనకది 245. చెయ్యి దగ్గర పెట్టడానికే భయమేసింది.

ఒక్కటే వేడెక్కిందంటే చాలా సంగతులు తేలిపోయినట్టే. లోపం యాక్చువేటర్‌లో ఉంటే, అంటే రాడ్ వెనక్కి రాకపోయినా, ట్రైలర్ ఊడిపోతే బ్రేకులు వేసే బ్రేక్‌అవే లీవర్ సగం లాగేసి ఉన్నా, నాలుగు చక్రాలూ వేడెక్కాలి. డ్రమ్ బ్రేకుల కోసం చేసిన మాస్టర్ సిలిండర్‌ని డిస్కులకు వాడినా అంతే. డ్రమ్ములకు ఆయిల్ లైన్లో కొంచెం ప్రెజర్ ఎప్పుడూ నిలిచి ఉండాలి కాబట్టి దాన్లో చిన్న వాల్వ్ ఉంటుంది, డిస్కులకు అది ఉంటే ప్యాడ్లు వదలవు. కాబట్టి ముందువైపు జోలికి పోనక్కర్లేదు. తప్పు ఆ చక్రం దగ్గరే. బేరింగ్ కావచ్చు, క్యాలిపర్ కావచ్చు, దాని హోస్ పైపు కావచ్చు.

అయినా బ్రేక్‌అవే లీవర్ ఒకసారి చూశాను. సరిగ్గానే ఉంది, కేబుల్ మాత్రం పికప్‌కి కాకుండా సేఫ్టీ చైన్‌కి తగిలించి ఉంది. కప్లర్‌తోపాటు చైన్లూ ఊడితే ఆ కేబుల్‌ని లాగేదేముంది? తీసి పికప్‌కే విడిగా కట్టాను.

శనివారం పొద్దున: కరెంటు సంగతి

ముందు రివర్స్ పట్టేయడం తేల్చుదామని ఇటువైపు వచ్చాం. పికప్ ఇంజిన్ ఆఫ్, తాళం ఆన్, పార్కింగ్ బ్రేక్ వేసి, బావమరిది గేరు రివర్స్‌లో పెట్టాడు. నేను కప్లర్ దగ్గర చెవి పెట్టి కూర్చున్నాను. సోలెనాయిడ్ బాగుంటే టక్ మని శబ్దం రావాలి. రాలేదు. మీటర్ పెట్టి నీలం వైరు చూస్తే సున్నా. సరే, కరెంటే రావట్లేదు.

చాలామంది ఇక్కడ ఆగిపోయి సోలెనాయిడ్‌కి ఆర్డర్ పెట్టేస్తారు. దానికి బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు ఇచ్చి చూశాం, టక్ మంది. తీసేస్తే మళ్లీ టక్. అది నిక్షేపంగా ఉంది.

అప్పుడు బావమరిదికి ఒక అనుమానం వచ్చింది. "బావా, మనకి ఎలక్ట్రిక్ బ్రేకులు లేవు కదా, మరి ట్రైలర్ తగిలించినప్పుడల్లా డ్యాష్ మీద ట్రైలర్ బ్రేక్ కనెక్టెడ్ అని ఎందుకొస్తుంది?" అన్నాడు. మా పికప్‌కి కంపెనీ నుంచే వచ్చిన ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్ ఉంది. అది ఎలక్ట్రిక్ బ్రేకులున్న ట్రైలర్ల కోసం, మాకు దానితో పని లేదు. కానీ అడిగిన ప్రశ్న మాత్రం బంగారం లాంటిది. డ్యాష్‌లో ఆ మాట రావాలంటే కంట్రోలర్ వైరుకి అవతల ఏదో ఒక లోడ్ తగలాలి.

కంట్రోలర్ మీద చేత్తో నొక్కే లీవర్ ఉంటుంది. "అది నొక్కు" అన్నాను. నొక్కాడు. కప్లర్ దగ్గర టక్ మంది. వదిలాడు, మళ్లీ టక్. మీటర్లో నీలం వైరు మీద వోల్టులు లీవర్‌తో పాటే పైకి పోతున్నాయి.

ఇద్దరం మొహాలు చూసుకున్నాం.

జరిగిందేమిటంటే, పికప్ వెనక 7 పిన్నుల సాకెట్ ఉంటుంది, పడవ ట్రైలర్‌కి 5 వైర్ల ఫ్లాట్ ప్లగ్ ఉంటుంది. రెండింటి మధ్య అడాప్టర్ పెట్టుకోవాలి. 5 వైర్లలో తెలుపు గ్రౌండ్, గోధుమ టెయిల్ లైట్లు, పసుపు ఎడమ సిగ్నల్, ఆకుపచ్చ కుడి సిగ్నల్, నీలం రివర్స్ సోలెనాయిడ్. 7 పిన్నుల వైపు చూస్తే రివర్స్ లైటు కరెంటు వచ్చేది మధ్య పిన్నుకి. అక్కడ కూడా ఒక నీలం వైరు ఉంటుంది, కానీ అది ఎలక్ట్రిక్ బ్రేక్ కంట్రోలర్‌ది. మాకు పడవ అమ్మినాయన అడాప్టర్ కూడా ఇచ్చాడు, దాంట్లో ఎవరో నీలానికి నీలం కలిపేశారు. రంగు చూసి కలిపారు, పని చూసి కాదు.

ఇప్పుడు మొదటి రెండు తిప్పలూ దీనితోనే తేలిపోయాయి. రివర్స్ వేస్తే సోలెనాయిడ్‌కి కరెంటు అందదు, బ్రేకులు పట్టేస్తాయి. ముందుకెళ్తూ బ్రేక్ తొక్కితే కంట్రోలర్ కరెంటు పంపుతుంది, సోలెనాయిడ్ వాల్వ్ మూసేస్తుంది, ఆయిల్ చక్రాలకు పోదు. మెల్లగా తొక్కినప్పుడు కంట్రోలర్ పంపే వోల్టులు తక్కువ, వాల్వ్ లాగడానికి చాలవు, అందుకే అప్పుడు బ్రేకులు బాగున్నట్టే అనిపించేది. గట్టిగా తొక్కితే, అంటే బ్రేకు నిజంగా కావాల్సినప్పుడు, చేజేతులా మూసేస్తోంది. పడవ కొన్నప్పటి నుంచీ ఐ-45 మీద అలా తిరిగామని తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్ వస్తుంది.

కొత్త అడాప్టర్ తెచ్చాం. దాన్నీ నమ్మలేదు, తగిలించకముందే మీటర్‌తో మధ్య పిన్ను నుంచి నీలానికి దారి ఉందో లేదో చూశాను. రెండు రకాలూ అమ్ముతారు, ప్యాకెట్ మీద బొమ్మలో తేడా ఏమీ తెలియదు. తగిలించాక రివర్స్ వేస్తే టక్, లీవర్ నొక్కితే నిశ్శబ్దం. డ్యాష్ మీద ఆ మాట కూడా పోయింది. డ్రైవ్‌వే మీదికి ట్రైలర్ బుద్ధిగా ఎక్కింది.

ఇదే చేత్తో సోలెనాయిడ్ గ్రౌండ్ వైరు విప్పి, కొనకు పట్టిన పచ్చటి చిలుము గీకి, కొత్త లగ్ వేసి బిగించాను. గ్రౌండ్‌ని బాల్ ద్వారా వచ్చేదానికి వదిలేయకూడదు, గ్రీజు పూసిన బాల్ మీద కరెంటు వచ్చేది రాందీ దేవుడికే తెలియాలి.

శనివారం మధ్యాహ్నం: కాలే చక్రం

లంచ్‌కి పులిహోర తిని మళ్లీ దిగాం. మిగతా చక్రాలకు అడ్డు చెక్కలు పెట్టి, ఎడమ వెనకది జాకీతో లేపి, యాక్సిల్ కింద స్టాండ్ పెట్టాను. జాకీ ఒక్కదాన్నే నమ్మి చక్రం పక్కన చేతులు పెట్టొద్దు.

టైరుని పైనా కిందా పట్టుకుని ఊపాను, ఆట లేదు. బేరింగ్ మీద అనుమానం తగ్గింది. చేత్తో తిప్పితే కష్టంగా అర చుట్టు తిరిగి ఆగిపోతోంది.

ఇక్కడ చేయాల్సిన పరీక్ష ఒక్కటే, పైసా ఖర్చు లేనిది. క్యాలిపర్ మీద ఎయిర్ తీసే నిపుల్‌కి సన్నని పైపు తొడిగి, కాస్త వదులు చేయాలి. చక్రం వెంటనే వదిలేస్తే లోపల ప్రెజర్ చిక్కుకుని ఉన్నట్టు, అంటే తప్పు క్యాలిపర్‌ది కాదు, దానికి ముందున్న దేనిదో. ఆయిల్ నాలుగు చుక్కలు కారి చక్రం బిగుసుకునే ఉంటే పిస్టనో, క్యాలిపర్ జారే పిన్నులో తుప్పు పట్టి ఇరుక్కున్నట్టు.

నిపుల్ విప్పగానే చుయ్ మని ఆయిల్ చిమ్మింది. చక్రం చేయి తగలగానే గిరగిరా తిరిగింది.

రెండో మెట్టు. నిపుల్ బిగించి, బావమరిది చేత కప్లర్ దగ్గర స్క్రూడ్రైవర్‌తో రాడ్‌ని నెట్టించి వదిలేయించాను. చక్రం మళ్లీ పట్టేసింది. ఈసారి నిపుల్ జోలికి పోకుండా, హోస్ పైపు ఇనప పైపుతో కలిసే చోట నట్టు వదులు చేశాను. రెండు చుక్కలు పడ్డాయి, చక్రం మాత్రం కదల్లేదు. అంటే ప్రెజర్ ఆ నట్టుకి అవతల, హోస్‌లో చిక్కుకుంది. ఇక ఊహలతో పని లేదు.

హోస్ విప్పి చూస్తే పైకి రబ్బరు నున్నగా, బిరుసు లేకుండా కొత్తదానిలాగే ఉంది. కొస దగ్గర రబ్బరు మీద నొక్కిన ఇనప రింగు మాత్రం పొరలు పొరలుగా ఉబ్బి ఉంది. బ్లేడుతో అడ్డంగా కోశాను. మధ్యలో గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం, రింగు కింద మాత్రం సన్నని గీతలా నొక్కుకుపోయింది. సూది దూరుతుందేమో అన్నంత. ఇనుము తుప్పు పడితే ముందున్నదాని కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది. బయటికి పోవడానికి వీల్లేని చోట లోపలికి నొక్కుతుంది. మాస్టర్ సిలిండర్ బలంగా నెడుతుంది కాబట్టి ఆయిల్ ఆ గీతలోంచి ఎలాగో చక్రానికి చేరుతుంది. వెనక్కి రావడానికి మాత్రం దాన్ని నెట్టేవాళ్లు లేరు, క్యాలిపర్ సీలు పిస్టన్‌ని వెనక్కి లాగే కొంచెం బలం దానికి చాలదు.

అదే తుప్పు ప్యాడ్ల మీద కూడా పని చేసింది. బయటి ప్యాడ్ మసాలా దాని ఇనప పలక నుంచి ఒక అంచున గోరు దూరేంత లేచింది. క్యాలిపర్ జారే పిన్నుల్లో ఒకటి గట్టిగా ఉంటే తీసి, వైర్ బ్రష్ కొట్టి, బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజు పూశాను. బేరింగ్ గ్రీజు దీనికి పూయకూడదు, రబ్బరు బూట్లు ఉబ్బిపోతాయి. ప్యాడ్లు ఒక్క చక్రానికే కాకుండా ఆ యాక్సిల్‌కి రెండు వైపులా మార్చాం.

కాకినాడలో పుట్టి పెరిగిన మా బావమరిది ఇదంతా చూసి, "మా దగ్గర పడవని తాడు కట్టి ఇసుకలోకి లాగేస్తారు బావా, ఇక్కడ పడవ కంటే దాన్ని మోసే బండికే సేవ ఎక్కువ" అన్నాడు. కాదనలేకపోయాను.

ఆదివారం: ఎయిర్ తీయడం

పాత ఆయిల్ డికాషన్ రంగులో ఉంది. మాది డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్. కొత్తగా సీలు తీసినప్పుడు దాని మరుగు స్థానం కనీసం 205 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, తేమ పీల్చాక అది 140 దాకా దిగుతుంది. ఈ ఆయిల్‌కి గాలిలో తేమ పీల్చే గుణం ఉంది, హ్యూస్టన్ గాలిలో తేమకి కొదవా? వేడెక్కిన క్యాలిపర్‌లో ఆ తేమ ఆవిరైతే ఆవిరి నలుగుతుంది తప్ప బ్రేకు పట్టదు. కాబట్టి ఒక్క చక్రానికి ఎయిర్ తీసి ఊరుకోకుండా మొత్తం ఆయిలే మార్చేశాం. సగం వాడి మూత పెట్టిన పాత డబ్బా గరాజ్‌లో ఉంది, దాన్ని ముట్టుకోలేదు.

మాస్టర్ సిలిండర్‌కి అన్నిటికంటే దూరమున్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రావాలి. వెనక యాక్సిల్ ముందు, తర్వాత ముందుది. బావమరిది కప్లర్ దగ్గర, నేను చక్రం దగ్గర. నేను "నొక్కు" అంటే రాడ్‌ని నెడతాడు, "పట్టుకో" అంటే అలాగే ఉంచుతాడు, నేను నిపుల్ విప్పి మూసి "వదులు" అన్నాకే వదులుతాడు. నిపుల్ మూయకముందే వదిలితే బయటి గాలి లోపలికి లాక్కుంటుంది. ఈ మూడు మాటలూ వీధి చివరి దాకా వినపడి, కుక్కతో వాకింగ్‌కి వచ్చిన ఒకాయన ఆగి మరీ చూశాడు. మధ్యమధ్యలో మా చిన్నోడు రిజర్వాయర్‌లో ఆయిల్ పోస్తూ ఉన్నాడు, అది ఖాళీ అయితే పనంతా మొదటికొస్తుంది.

మూడు చక్రాలు తొందరగానే అయ్యాయి. కుడి ముందుది మాత్రం ఎంతసేపు తీసినా బుడగలు ఆగలేదు. ఆఖరికి కింద పడుకుని చూస్తే నిపుల్ క్యాలిపర్ పైన లేదు, పక్కకి వాలి సగం కిందికి ఉంది. బిగించినవాళ్లు బ్రాకెట్‌ని యాక్సిల్ మీద కాస్త తిప్పి పెట్టారు. గాలి పైకే పోతుంది కాబట్టి, నిపుల్ కింద ఉంటే పైనున్న గాలి ఎన్నాళ్లు తీసినా రాదు. క్యాలిపర్ విప్పి, హోస్ విప్పకుండానే, నిపుల్ పైకి వచ్చేలా చేత్తో తిప్పి పట్టుకుని తీశాం. ప్యాడ్ల మధ్య డిస్క్ అంత మందం ఉన్న చెక్క ముక్క పెట్టడం తప్పనిసరి, లేకపోతే నొక్కగానే పిస్టన్ బయటికి వచ్చేస్తుంది. రెండు పెద్ద బుడగలు వచ్చాయి, తర్వాత శుభ్రమైన ఆయిల్. రాడ్ ఇప్పుడు కొంచెం దూరం పోగానే గోడకి తగిలినట్టు ఆగుతోందని బావమరిది కేకేశాడు.

కారిన ఆయిల్‌ని వెంటనే నీళ్లతో కడిగేశాం. పెయింట్‌ని తినేస్తుంది.

ఆ సాయంత్రం

ముందు ఖాళీగా ఉన్న పార్కింగ్ స్థలంలో 20 మైళ్ల వేగం నుంచి ఆపి చూశాం. కప్లర్ దగ్గర మెత్తగా ఒక్క కదలిక, అంతే. తోపు లేదు. కదిలినప్పుడు దడ్ మని కొడితే లోపలున్న డ్యాంపర్ పోయిందని అర్థం, మాది ఆ గొడవ లేకుండా ఉంది. తర్వాత హైవే ఎక్కి, వెనకెవరూ లేనప్పుడు గట్టిగానే తొక్కాను. పికప్, ట్రైలర్ కలిసి ఆగాయి. ఇంటికొచ్చి హబ్‌లు చూస్తే నాలుగూ 120 నుంచి 135 మధ్య.

ఖర్చు: అడాప్టర్, ఒక హోస్, ప్యాడ్లు, ఆయిల్, గ్రీజు అన్నీ కలిపి 140 డాలర్లు.

తర్వాతి శనివారం

టెక్సస్ సిటీ డైక్ దగ్గర పడవ దించాం. గాల్వెస్టన్ బేలోకి సుమారు ఐదు మైళ్లు చొచ్చుకుపోయిన గట్టు అది, దాని మీద ర్యాంపులు ఉన్నాయి. రోడ్డు మీద వేడెక్కిన హబ్‌ని వెంటనే నీళ్లల్లో ముంచితే లోపలి గాలి ఒక్కసారి చల్లబడి ఉప్పునీళ్లని బేరింగ్‌లోకి లాక్కుంటుంది. అందుకని పడవకి తాళ్లు కట్టుకుంటూ, ఐస్ సర్దుకుంటూ కాసేపు ఆగి దించాం. ర్యాంపు మీద రివర్స్‌లో ఒక్కసారి కూడా పట్టేయలేదు.

ఇంటికొచ్చాక క్యాలిపర్లు, హోసులు, డిస్కుల వెనక వైపు గార్డెన్ పైపుతో బాగా కడిగాను. ముందువైపు మాత్రమే కడిగితే లాభం లేదు, ఉప్పు చేరేది వెనకే.

ఇంకా మిగిలిన పనులున్నాయి. మిగతా మూడు హోసుల రింగులు కూడా ఉబ్బడం మొదలైంది, స్టెయిన్‌లెస్ కొసలున్న హోసులకు ఆర్డర్ పెట్టాను. కుడి ముందు బ్రాకెట్ విప్పి సరైన కోణంలో బిగించాలి. ముందు యాక్సిల్ మీద ఒక నిపుల్ పానాకి జారుతోంది, రోజూ రస్ట్ ఆయిల్ కొడుతున్నాను, ఆరు మూలల సాకెట్ వేసి తీసి కొత్తది పెడతాను. పాత అడాప్టర్‌ని బావమరిది ఎవరికీ దొరకకుండా రెండు ముక్కలుగా కోసి చెత్తలో వేశాడు.